ఉద్యోగం చేస్తూ చదివేవారి అనుభవం: షోన్ వాదనపై ఒక విమర్శ

బోధనా సాంకేతికత అనగానే మనకు టీవీ, కంప్యూటర్, స్మార్ట్‌ఫోన్ గుర్తుకొస్తాయి. ఎవరికి, ఏమి, ఏ క్రమంలో నేర్పాలో నిర్ణయించడం, వారు నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడం కూడా ఈ శాస్త్రంలో భాగమే. దీనిలో స్నాతకోత్తర కోర్సులు చదివేవారిలో చాలామంది అప్పటికే ఉద్యోగంలో ఉంటారు. ఒకరు పాఠశాల ఉపాధ్యాయులైతే, మరొకరు ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ ఇస్తుంటారు. వారి అనుభవానికి కోర్సులో ఎంత చోటు ఇవ్వాలి? ఈ ప్రశ్నకు డొనాల్డ్ షోన్ 1983లో ప్రచురించిన ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టిషనర్’ గ్రంథం ఎంతవరకు సమాధానం చెబుతుందో పరిశీలిద్దాం.

షోన్ వాదన

విశ్వవిద్యాలయం సిద్ధాంతాన్ని తయారుచేస్తుంది, ఉద్యోగి దాన్ని అమలుచేస్తాడు అనే అభిప్రాయాన్ని షోన్ ఖండించాడు. సమస్యలు మన ముందుకు సిద్ధరూపంలో రావు. అసలు సమస్య ఏమిటో ముందు ఉద్యోగే తేల్చుకోవాలి. పనిచేస్తూనే ఆలోచించి, ఆ ఆలోచనతో పనిని సరిదిద్దుకునే శక్తిని ఆయన ‘క్రియలో పర్యాలోచన’గా వివరించాడు. వాస్తుశిల్ప విద్యలో గురువు విద్యార్థి గీసిన నమూనాను తీసుకుని, మాట్లాడుతూ మళ్లీ గీసి చూపే సందర్భం ఆయన ఇచ్చిన ప్రధాన ఉదాహరణల్లో ఒకటి.

ఈ వాదన బలం

బోధన రూపకల్పనలో విశ్లేషణ, రూపకల్పన, అభివృద్ధి, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశలు ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైనిక దళాల కోసం తయారుచేసిన శిక్షణ విధానం ఈ క్రమానికి మూలం. కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. ఉద్యోగంలో మాత్రం, “సోమవారం నుంచి శిక్షణ మొదలుపెట్టండి” అనే ఆదేశంతోనే పని మొదలుకావచ్చు. అప్పుడు విశ్లేషణకు వ్యవధి ఎక్కడిది?

ఒక ఉదాహరణ ఊహించండి. ఒక బ్యాంకు శాఖలో కొత్త సాఫ్ట్‌వేర్‌లో నమోదులు ఆలస్యమవుతున్నాయి. అధికారులు శిక్షణ ఇవ్వమన్నారు. అనుభవం ఉన్న శిక్షకురాలు ముందుగా, “వీళ్లకు పని రాదా, లేక నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందా?” అని అడుగుతుంది. నెట్‌వర్కే కారణమైతే ఎన్ని తరగతులు పెట్టినా ప్రయోజనం లేదు. ఆమె సమస్యను కొత్తగా నిర్వచించింది. షోన్ గౌరవించమన్నది ఈ నేర్పునే. తరగతిలో ఆమె ఈ సంగతి చెబితే, ఉద్యోగం చూడని విద్యార్థికి విశ్లేషణ దశ ఎందుకు అవసరమో వెంటనే బోధపడుతుంది.

ఈ వాదన పరిమితులు

మొదటిది, అనుభవం తన కంటికి కనిపించినదాన్నే నమ్ముతుంది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ మూల్యాంకనాన్ని నాలుగు స్థాయిలుగా చూపాడు: ప్రతిస్పందన, అభ్యసనం, ప్రవర్తన, ఫలితాలు. శిక్షకులకు బాగా తెలిసేది మొదటి స్థాయి. అభ్యాసకులు సంతోషంగా ఉన్నారా లేదా అన్నది ముఖాలు చూస్తే తెలిసిపోతుంది. ప్రవర్తన మారడం, ఫలితం రావడం శిక్షకులు వెళ్లిపోయాక జరిగే విషయాలు. కాబట్టి ఇరవై ఏళ్ల అనుభవం కూడా ఆ రెండింటి విషయంలో మౌనంగా ఉండవచ్చు.

రెండవది, ఒకరి అనుభవం ఒక చోటికి పరిమితం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగాన్ని (సైట్) చూడండి. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఒక గ్రామంలో సెట్టు ముందు కూర్చున్నవారికి ఆ గ్రామం సంగతే తెలుస్తుంది. అందుకే సర్వేలు జరిగాయి. కొన్ని గ్రామాల్లో పరిశోధకులు నివసించి అధ్యయనం చేశారు. లోతు, విస్తృతి రెండూ కావాలని ఈ ప్రయోగం నేర్పుతుంది.

మూడవది మీకు నేరుగా సంబంధించినది. షోన్ చూపిన గురువు విద్యార్థి పక్కనే ఉంటాడు. దూరవిద్యలో ఆ గురువు పక్కన లేడు. ఆ లోటును కొంతవరకైనా పూరించేది రాతే. ఏమి అనుకున్నాను, ఏమి చేశాను, ఏమి జరిగింది, ఎందుకు అని తేదీ వేసి రాసుకుంటే, మీ పనిని మీరే పక్కవారిలా చూడగలుగుతారు.

ముగింపు

ఉద్యోగుల అనుభవాన్ని పక్కన పెట్టే కోర్సు తన ముందున్న సంపదను వదులుకుంటుంది. దాన్ని పొగిడి ఊరుకునే కోర్సు మరింత నష్టం చేస్తుంది. పగలంతా పనిచేసి, రాత్రి పుస్తకం తెరిచేవారు తమకు తెలిసినదాన్ని పరీక్షించుకోవడానికే వస్తారు. అనుభవాన్ని తరగతిలోకి ప్రశ్నగా తీసుకురావాలి. దాన్ని రుజువుగా మార్చే పని అధ్యయనానిది. షోన్ ఈ ప్రయాణంలో మొదటి సగాన్ని గొప్పగా వివరించాడు. రెండో సగానికి కిర్క్‌పాట్రిక్ వంటి వారి కొలమానాలు, సైట్ వంటి క్షేత్ర అధ్యయనాలు అవసరం. మీరు అంగన్‌వాడీ కార్యకర్త అయినా, దుకాణంలో కొత్తవారికి పని నేర్పేవారైనా, మీ దగ్గర ఇప్పటికే అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘క్రియలో పర్యాలోచన’ను మీ పని నుంచి ఒక ఉదాహరణతో వివరించండి.
2. ఆ ఉదాహరణ కిర్క్‌పాట్రిక్ చెప్పిన ఏ స్థాయి వరకు ఆధారం చూపగలదు? మిగిలిన స్థాయిలకు ఏ సమాచారం సేకరించాలి?