కార్బన్ ఫ్రేముకు సైకిల్ షాపు పనితనం

చాలాకాలం మన ఊళ్లకు సైకిలు పూర్తిగా తయారై రాలేదు. 1949లో అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్ కానీ, 1956లో లూధియానాలో మొదలైన హీరో కానీ విడిభాగాలుగానే దిగేవి. ఫ్రేము వేరు, రిమ్ములు వేరు, కట్టగట్టిన స్పోకులు వేరు, పొట్లాల్లో బాల్సు వేరు. వాటిని బండిగా నిలబెట్టింది మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో షాపు ముందు నేలమీద కూర్చుని ఫిట్టింగ్ చేసిన మెకానిక్కులే. తక్కువ ధరలో ఫుల్ సస్పెన్షన్ కార్బన్ ఫ్రేము ఒక్కటే కొని, మిగతా సామాను ఒక్కొక్కటిగా కూడబెట్టి మౌంటెన్ బైకు చేసుకోవడం కొత్త సరదాగా కనిపించవచ్చు. నా దృష్టిలో అది ఈ ఫిట్టింగు పనికి కొనసాగింపే. ఆ పనితనంలో తొంభై పాళ్లు దీనికీ పనికొస్తుంది. మిగిలిన పది పాళ్లు తెలియకపోతే మాత్రం ఫ్రేము దక్కదు.

ఇక్కడి నేల అలాంటి బండినే అడుగుతుంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. పుంగనూరు వైపు గుండ్లు పరుచుకున్న గుట్టలు, కుప్పం చుట్టూ గ్రానైటు నేల. రాళ్లబాటలో ఎక్కేటప్పుడు వెనక చక్రం ఎగిరిపడితే తొక్కిన బలమంతా వృథా.

తక్కువ ధర ఫ్రేము అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు. వెనక ఇరుసుకు కాస్త ముందు, పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రానికి పోయే చైన్ స్టే గొట్టం మీద కీలు పెట్టే అమరిక హోర్స్ట్ లైట్నర్ అనే ఇంజనీరుది. బ్రేకు పట్టినప్పుడు కూడా వెనక సస్పెన్షన్ బిగుసుకుపోకుండా కదలడం దాని గొప్ప. స్పెషలైజ్డ్ కంపెనీ ఆ పేటెంటు కొని చాలా ఏళ్లు తన దగ్గరే ఉంచుకుంది. గడువు తీరాక చిన్న తయారీదారులకూ అది అందుబాటులోకి వచ్చింది. కాబట్టి చవక ఫ్రేములో నేను అనుమానించేది అమరికను కాదు, తయారీలోని నాణ్యతను. వెనక కుదుపులు మింగే షాకు విప్పేసి, ఫ్రేము వెనక త్రికోణాన్ని చేత్తో పైకెత్తి వదలండి. తన బరువుకు తానే మెత్తగా దిగాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే బేరింగు వంకరగా కూర్చుందనో, గూట్లో పెయింటు పేరుకుందనో లెక్క.

కీళ్లలో తరచు కనిపించే 6902 బేరింగు లోపలి కొలత 15, బయటి కొలత 28, మందం 7 మిల్లీమీటర్లు. ఈ నంబరు ఏ సైకిల్ కంపెనీ సొత్తూ కాదు. మోటార్లకు బేరింగులు అమ్మే షాపులో చెప్పి తెప్పించుకోవచ్చు. కూర్చోబెట్టడానికి థ్రెడ్ రాడ్డు, రెండు నట్లు, వాషర్లు, లేతు షాపులో తిప్పించిన ఒక గుండ్రటి బిళ్ల చాలు. ఆ బిళ్ల బయటి రింగును మాత్రమే నెట్టాలి. లోపలి రింగు మీద ఒత్తిడి పడితే బాల్సు తిరిగే దారిలో గుంటలు పడి, కొత్త బేరింగు మొదటిరోజే గరగరలాడుతుంది.

చక్రం దగ్గర మాత్రం పాత చేతిదే పెత్తనం. మన పాత సైకిళ్లకు ముందు 32, వెనక 40 స్పోకులు. మౌంటెన్ బైకు చక్రానికి సాధారణంగా 32 ఉంటాయి. ఒక్కో స్పోకు మూడింటిని దాటుకుంటూ పోయే అల్లిక మాత్రం పాతదే. జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో స్పోకు హబ్బు నుంచి ఏటవాలుగా బయల్దేరుతుంది కాబట్టే తొక్కిన బలం రిమ్ముకు చేరుతుంది. వెనక గేర్లకు చోటివ్వాలి గనక కుడివైపు స్పోకులు నిటారుగా నిలుస్తాయి. రిమ్ము నడిమధ్యన ఉండాలంటే వాటి బిగువు ఎడమవాటికంటే ఎక్కువ ఉండాలి. బెండు తీసే మెకానిక్కు స్పోకుల్ని వేలితో మీటుకుంటూ పోతాడు. ఒకవైపువన్నీ దాదాపు ఒకే శ్రుతి పలకాలి, బొంగురుగా పలికింది వదులు. రిమ్ము కుడికి లాగితే ఎడమ నిపుల్‌ను పావు చుట్టు బిగించి మళ్లీ తిప్పి చూస్తాడు. చివర్లో స్పోకుల్ని జతలు జతలుగా గుప్పిట్లో పట్టి గట్టిగా పిసుకుతాడు. మెలిపడ్డ స్పోకులు టిక్కుమని సర్దుకుంటాయి. అప్పుడు మళ్లీ బెండు చూడాలి. ఈ పిసుకుడు మానేసిన చక్రం గుట్ట దిగేసరికి వదులవుతుంది.

ఇక ఆ పది పాళ్లు. పాత క్రాంకును ఇరుసుకు పట్టించే కాటర్ పిన్నును సుత్తితో కొట్టి దించేవారు. ఇనుము ఆ దెబ్బ ఓర్చుకుంటుంది, మితిమీరితే వంగి ముందే చెబుతుంది. కార్బన్ చెప్పదు. లాగుడుకు అంత గట్టిగా నిలిచే పీచు, క్లాంపు నొక్కుడుకు లోపల్లోపలే పొరలు పొరలుగా విడిపోతుంది. సీటు క్లాంపు బోల్టుకు మామూలుగా 5 న్యూటన్ మీటర్లు చాలు. అలెన్ కీతో చేతి అంచనాకు బిగిస్తే అది దాటడం ఎంతసేపో పట్టదు. అందుకే టార్క్ రెంచి కొనాల్సిందే. ఖర్చు తగ్గించాలంటే గేర్లలో తగ్గించుకోండి, దీని దగ్గర వద్దు. కార్బన్ ఫ్రేములో సీటు పోస్టుకు గ్రీజు పూయకండి. సన్నని రవ్వ కలిసిన కార్బన్ పేస్టు పూస్తే తక్కువ బిగువుకే జారకుండా నిలుస్తుంది. బాటమ్ బ్రాకెట్ మరలకు మాత్రం గ్రీజు కావాలి. కుడివైపు కప్పుకు ఎడమ మర అన్నది పాత మెకానిక్కుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

షాకులో గాలి మనిషి బరువును బట్టి పెట్టాలి. 50 మిల్లీమీటర్లు కదిలే షాకైతే, బండెక్కి కదలకుండా కూర్చున్నప్పుడు దాని మీది రబ్బరు రింగు 15 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. ఈ సర్దుబాటు ఇంట్లోనే కుదరడం, కిర్రుమన్నప్పుడు ఏ కీలు మాట్లాడుతోందో తెలియడం, బెంగళూరు రైలెక్కించకుండా ఊళ్లోనే బాగుచేసుకోవడం: విడిభాగాలు కూడబెట్టి చేసుకున్న బండి విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది, మిగిలిన డబ్బులో కంటే.

టైర్లు ట్యూబ్‌లెస్ చేసి సీలెంటు పోయండి. పల్లేరుకాయలు, కంపముళ్లు ఉన్న బాటల్లో ట్యూబు నిలవదు. ఎండలకు సీలెంటు త్వరగా ఆరిపోతుంది, విప్పి చూసి మళ్లీ పోస్తుండాలి. కుప్పం, పలమనేరు పక్కన కౌండిన్య అభయారణ్యం ఏనుగులది, అటవీ శాఖ అనుమతి లేకుండా అటు పోకూడదు. మొదటి సవారీ అయ్యాక కీళ్ల బోల్టులన్నీ రెంచితో మళ్లీ చూడండి. రాయి తగిలిన చోట నాణెంతో తట్టండి. చుట్టూ ఖణేల్‌మని, అక్కడొక్కచోట మొద్దుగా పలికితే ఆ ఫ్రేము మీద మళ్లీ ఎక్కొద్దు.