లీడ్సా, హల్లా?

ది హూ బ్యాండ్ అభిమానులు ఇద్దరు కలిస్తే చాలు, మాట లీడ్స్ మీదికి మళ్లుతుంది. 1970 ఫిబ్రవరి 14న ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో, విద్యార్థులు భోంచేసే హాల్లో ఆ బ్యాండ్ కచేరీ చేసింది. మర్నాడు హల్ నగరంలోని సిటీ హాల్లో వాయించింది. రెండూ టేపుకెక్కాయి. మొదటిది అదే ఏడాది మే నెలలో 'లైవ్ ఎట్ లీడ్స్' పేరుతో రికార్డుగా వచ్చింది. రాక్ సంగీతంలో లైవ్ రికార్డు అంటే ఎలా ఉండాలో చెప్పడానికి ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. రెండోది పూర్తిగా బయటికి రావడానికి 40 ఏళ్లు పట్టింది. తగాదా అక్కడ మొదలు.

ఈ రెండు కచేరీలూ రికార్డు చేయడం కోసమే పెట్టుకున్నవి. అంతకుముందు 1969 అమెరికా పర్యటనలో సౌండ్ ఇంజినీర్ బాబ్ ప్రిడెన్ చాలా కచేరీలు టేపు చేసిపెట్టాడు. అన్ని గంటల టేపులు కూర్చుని వినడం అయ్యేపని కాదని గిటారిస్టు పీట్ టౌన్షెండ్ వాటిని తగలబెట్టించాడు. ఆ సంగతి తరువాత ఆయనే చెప్పాడు. అభిమానులకు ఆ బాధ నేటికీ తీరలేదు.

లీడ్స్‌లో బ్యాండ్ వాయించింది రెండు గంటల పైమాటే. రికార్డు మీదికి వచ్చినవి ఆరు పాటలు, నలభై నిమిషాలలోపు సంగీతం. అందులో సగం ఇతరుల పాటలు. మోజ్ ఆలిసన్ రాసిన 'యంగ్ మ్యాన్ బ్లూస్', ఎడ్డీ కొక్రన్ 'సమ్మర్‌టైమ్ బ్లూస్', జానీ కిడ్ 'షేకిన్ ఆల్ ఓవర్'. అప్పటికి బ్యాండ్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిన రాక్ ఒపెరా 'టామీ'ని ఆ రాత్రి దాదాపు మొత్తం వాయించారు. రికార్డులో దానికి విడిగా చోటే లేదు.

ఇది అన్యాయం అంటుంది ఒక వర్గం. ఇంకో వర్గానికి ఆ ఆరు పాటల ఎంపికే అసలు పనితనం. ఈ రెండో మాటలోనే బలం ఎక్కువ. ఆ నలభై నిమిషాల్లో ఊపిరి తీసుకునే సందు దొరకదు. బ్యాండ్‌లో గిటార్ ఒక్కటే. టౌన్షెండ్ గిటార్ ఒక చెవిలో, జాన్ ఎంట్విసిల్ బేస్ రెండో చెవిలో, మధ్యలో కీత్ మూన్ డ్రమ్స్, వాటి మీద రోజర్ డాల్ట్రీ గొంతు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ వైపు ఒక్కదాన్నే వింటే తెలుస్తుంది, ఎంట్విసిల్ తాళం పట్టుకుని కూర్చోడు, గిటార్‌తో పోటీకి దిగుతాడు. పావుగంటకు దగ్గరగా సాగే 'మై జనరేషన్'లో గిటార్ ఆగిన చోట హాలు వెనక గోడ నుంచి ప్రతిధ్వని తిరిగొస్తుంది. టౌన్షెండ్ దానికీ బదులు వాయిస్తాడు. స్టూడియోలో ఇది పుట్టదు.

ఆ టేపులో చిటపటలు కూడా ఉన్నాయి. అవి ఉన్నా పరవాలేదని, సరిచేయొద్దని రికార్డు లేబుల్ మీద చేత్తోనే రాశారు. అట్ట కూడా దొంగ రికార్డులకు వేసినట్టు మామూలు గోధుమరంగు కాగితం, దాని మీద ముద్ర. అంతకు నాలుగేళ్ల ముందు 1966లో రోలింగ్ స్టోన్స్ పేరుతో వచ్చిన 'గాట్ లైవ్ ఇఫ్ యూ వాంట్ ఇట్'లో రెండు స్టూడియో పాటలకు జనం అరుపులు కలిపి లైవ్ అని అమ్మారు. ఆ పద్ధతితో పోల్చి చూస్తే లేబుల్ మీది ఆ చేతిరాత విలువ అర్థమవుతుంది.

1995లో వచ్చిన కొత్త సీడీలో పాటలు పెంచారు, చిటపటలు డిజిటల్‌గా తుడిచేశారు. 2001 సెట్‌లో 'టామీ' కూడా చేరింది, అయితే రెండో డిస్కులో. కచేరీలో అది 'ఎ క్విక్ వన్' తరువాత, 'సమ్మర్‌టైమ్ బ్లూస్' ముందు వచ్చింది. ఆ వరుస చెడగొట్టడం మీద అభిమానులు పడే కోపం న్యాయమైనదే. రెండు గంటల కచేరీలో ఏ పాట తరువాత ఏది అన్నది వాయించేవాళ్ల నిర్ణయం.

ఇక హల్. ఆ టేపులో మొదటి కొన్ని పాటల్లో బేస్ లేదు. 2010లో విడుదల చేసినప్పుడు లీడ్స్ టేపు నుంచి ఎంట్విసిల్ బేస్ తీసి అక్కడ అతికించారు. ఆ సంగతి దాచలేదు కూడా. పనితనం మెచ్చుకోవలసిందే, అతుకు ఎక్కడుందో చెవికి అందదు. హల్ హాల్లో ధ్వని ఇంకా బాగుందని, బ్యాండ్ ఇంకా కుదురుగా వాయించిందని వాదించేవాళ్లున్నారు. చివరి పాటలు వింటే వాళ్ల మాట తోసేయలేం. కానీ మొదటి పాటల్లో మూన్ డ్రమ్స్ హల్‌వి, బేస్ ముందురోజు రాత్రిది. ఒకరినొకరు విని వాయించడమే ఈ బ్యాండ్ ప్రాణం అయినప్పుడు ఆ పాటల దగ్గర లీడ్స్‌కే ఓటు.

కొత్తగా వినేవారు 1970 నాటి ఆరు పాటలతో, చిటపటలతో సహా మొదలుపెట్టండి. తరువాత 2001 సెట్‌ను కచేరీ వరుసలో మీరే పేర్చుకుని వినండి. హల్ ఆఖరున.