పటాలం పుస్తకం, చర్చి పుస్తకం

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మన సిపాయి గురించి కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ రిజిస్టరులో ఉండేది చాలా కొంచెం. పేరు, నంబరు, హోదా, పటాలం, చనిపోయిన తేదీ. ఆ కింద ఒక్క పంక్తి: ఫలానా వాళ్ల కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, తూర్పు గోదావరి. ఆ ఒక్క పంక్తి పనితనం గురించే నేను చెప్పదలుచుకున్నది.

దాన్ని రాసినవాడు గుమాస్తా. పొగడ్త రాయలేదు, వీరమరణం అనలేదు. అడగవలసిన నాలుగు ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులు అదే వరసలో పెట్టి ఊరుకున్నాడు. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, పెళ్లాం ఎవరు, ఊరేది? ఆ రోజుల్లో మన పల్లెల్లో ఆడమనిషి పేరు ఏ కాగితం మీదికి ఎక్కింది? పొలం దస్తావేజులో అరుదు, పన్ను రసీదులో అరుదు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో కట్టిన స్మారకం తాలూకు రిజిస్టరులో మాత్రం ఆమె ఉంది, భర్త పేరు పక్కనే.

ఆ తౌక్యాన్ స్తంభాల మీద దాదాపు 27,000 పేర్లున్నాయి. సింగపూర్ క్రాంజీ గోడల మీద 24,000 పైచిలుకు. సమాధి ఎక్కడుందో తెలియనివాళ్లు ఇలా రాతి మీదికి వచ్చారు. అయితే వెతికేవాడికి రాయి ఒక్కటే చాలదు. అప్పారావు, సత్యం, యోహాను వంటి పేర్లు మన వైపు ఊరికి పదిమంది పెట్టుకుంటారు. రాతి మీద ఇంటిపేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు; ఉన్నా ఇంగ్లీషు అక్షరాల్లో నలిగిపోయి మనకే గుర్తుపట్టరాకుండా ఉంటుంది. పదిమంది అప్పారావుల్లో మన అప్పారావును వేరుచేసి చూపేది రిజిస్టరులోని ఆ పంక్తే. రాయిని చూడటానికి బర్మా వెళ్లాలి. పంక్తిని ఇవాళ తునిలో కూర్చుని ఫోన్‌లో చదవొచ్చు.

ఈ సంస్థ మొదటినుంచీ ఇంత నిక్కచ్చిగా ఉందని అనుకోవద్దు. 1917లో పుట్టినప్పుడు, చనిపోయినవాళ్లందరికీ ఒకే గౌరవం అన్నారు. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం మీద ఆంగ్ల సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికార్ల పేర్లు చెక్కారు. మామూలు భారత సిపాయిల దగ్గరికి వచ్చేసరికి పటాలం పేరు కింద అంకె వేశారు. ఇంతమంది అని. దీన్ని సంస్థ తానే 2021లో వెలువరించిన నివేదికలో ఒప్పుకుంది: మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్లలో, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లలో, కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం దక్కలేదని, ఆ లెక్క మూడున్నర లక్షల దాకా పోవచ్చని. అందుకే మొదటి యుద్ధానికి వెళ్లిన ముత్తాతను వెతకడం, రెండో యుద్ధానికి వెళ్లిన తాతను వెతకడం ఒకే పని కాదు.

తాత ప్రాణాలతో తిరిగొచ్చి ఉంటే ఏ స్మారకంలోనూ ఉండడు. అప్పుడు చూడవలసింది పటాలం దగ్గరుండే షీట్ రోల్, అంటే సిపాయి వివరాలన్నీ రాసిన కాగితం. మద్రాసు రెజిమెంటు వాళ్లవి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాసు సాపర్స్ వాళ్లవి బెంగళూరులో. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున డిశ్చార్జి బుక్కు దొరికితే సగం పని అయినట్టే, ఎందుకంటే రికార్డు ఆఫీసులో మనిషి పేరుకంటే నంబరుకే విలువ. ఆ నంబరు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే దారి చెబుతారు.

సైన్యం కాగితం పనితనం వేరు. అది మనిషిని పోగొట్టుకోకుండా ఉండటానికి రాసుకున్నది: పారిపోతే పట్టుకోవాలి, చనిపోతే ఇంటికి తంతి కొట్టాలి, బతికితే పింఛను పంపాలి. అందుకని ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చ, తండ్రి పేరు, వారసులు, ఊరు, పోస్టాఫీసు, తాలూకా, దగ్గరి రైల్వే స్టేషను. ఈ చివరి గడి దగ్గర తుని వైపు వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. 1890లలో రైలు వచ్చాక చుట్టుపక్కల పల్లెలన్నిటికీ స్టేషను తునే. కోటనందూరు మనిషికైనా, తాండవ నది ఎగువన ఏ చిన్న ఊరి మనిషికైనా కాగితం మీద 'తుని' అని పడుతుంది. అది ఇల్లున్న చోటు అయ్యుండొచ్చు, రైలు దిగే చోటు అయ్యుండొచ్చు. ఏ గడిలో ఉందో చూడకుండా తునిలో ఇంటింటికీ తిరిగితే కాళ్లనొప్పులే మిగులుతాయి.

జిల్లా పేరు దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. 1859కి ముందు ఇది రాజమండ్రి జిల్లా. తర్వాత గోదావరి జిల్లా. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయాక తూర్పు గోదావరి. 2022 నుంచి కాకినాడ జిల్లా. ఇంటి గోడ కదలలేదు, పేరు మూడుసార్లు మారింది. పైగా తాండవ దాటితే పాయకరావుపేట, విశాఖ జిల్లా కింద లెక్క. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. వంతెనకు అటు పిల్లనిచ్చి ఇటు పిల్లను తెచ్చుకునే కుటుంబాల్లో అన్నదమ్ములు ఇద్దరు రెండు జిల్లాల కింద నమోదైతే ఆశ్చర్యం లేదు.

ఇంకా వెనక్కి, కుంపిణీ రోజుల్లోకి వెళితే మన సిపాయి దాదాపు మాయమైపోతాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించాడు. ఆయన వెంట 470 మంది తెల్లవాళ్లు, 1900 మంది సిపాయిలు ఉన్నారని చరిత్రకారుడు ఆర్మ్ లెక్క. ఎర్రకోటు తొడుక్కున్న సిపాయిలను చూసి ఫ్రెంచివాళ్లు తెల్లపటాలం అనుకుని వాళ్లమీదికే వచ్చిపడ్డారు. గెలుపులో ఆ పొరపాటుకు పెద్ద వాటా ఉంది. కోటు రంగు చరిత్రకెక్కింది. తొడుక్కున్నవాళ్లు 1900 అనే అంకెలో ఉన్నారు.

అదే కాలంలో తెల్ల సైనికుడికి మటుకు రెండు పుస్తకాలున్నాయి. మస్టర్ రోల్ అనే హాజరు పట్టీ ఒకటి, చర్చి రిజిస్టరు ఒకటి. పటాలం పాదిరి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రాసి ఆ నకళ్లు మద్రాసుకు పంపాలి. అక్కడ మళ్లీ నకలు తీసి లండనుకు పంపేవారు. ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు తాలూకు ఆ వరస 1698 నుంచి 1940ల దాకా ఉంది. నకలుకు నకలు కాబట్టి పేర్లలో తప్పులు తప్పవు. అయినా ఆ బాప్తిస్మం పట్టిక గీసినవాడి తెలివి మెచ్చుకోవాలి: బాప్తిస్మం తేదీకి ఒక గడి, పుట్టిన తేదీకి వేరే గడి, తల్లిదండ్రులు, మకాం, తండ్రి వృత్తి, చివరగా కార్యం జరిపించినవారి సంతకం. ఆ చివరి గడిని చాలామంది చూడకుండా దాటేస్తారు. సామర్లకోట వంటి చిన్న దండులో పాదిరి ఎప్పుడూ ఉండడు. ఉన్నంతలో కెప్టెనో, సర్జనో ప్రార్థన చదివి సంతకం పెట్టేవాడు. సంతకం కింద హోదా చూస్తే ఆ రోజు ఆ దండులో ఎవరున్నారో, ఎవరు లేరో తెలిసిపోతుంది.

ఈ పుస్తకాలకు తోడు సమాధుల రాళ్లను చదివిన మహానుభావుడు జూలియన్ జేమ్స్ కాటన్. ఇంటిపేరు చూసి ధవళేశ్వరం ఆనకట్ట దొర అనుకునేరు. ఈయన ఐసీఎస్ ఉద్యోగి, పుస్తకం అచ్చయింది 1905లో, మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉన్న సమాధుల మీది రాతలను జిల్లాల వారీగా అంకెలు వేసి పేర్చాడు. ముందు రాతిమీద ఏముందో అది, తర్వాత ఆ మనిషి ఎవరో చెప్పే టిప్పణి. బందరులో జనరల్ పేటర్, అరబెల్లా రాబిన్సన్‌ల కథ చెప్పుకోకుండా ఎవరూ ఉండరు: 1809లో ఆమె చనిపోతే చర్చి నేలలో పూడ్చడానికి పాదిరి ఒప్పుకోలేదనీ, అందుకని ఆయన ఆమె సమాధి మీదే చర్చి కట్టించాడనీ. ఇలాంటి కథల దగ్గర కూడా కాటన్ చేసే పని ఒకటే, రాయి చెప్పేదాన్నీ మనుషులు చెప్పేదాన్నీ కలిపేయకుండా ఉంచడం. నాకు నచ్చనిది ఒకటుంది. చరిత్రకు పనికొచ్చే సమాధులే ఏరుకున్నానని పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. అంటే మామూలు సోల్జరు చాలావరకు బయటే ఉండిపోయాడు. మన సిపాయికి అసలు రాయే వేయలేదు, ఏరడానికి.

అందుకే తునిలో వెతికేవాళ్లు కాటన్ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. వాళ్లకు కావలసిన చర్చి పుస్తకం ఊళ్లోనే పుట్టింది. కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున జి. ఎఫ్. కర్రీ 1878లో తునిలో కేంద్రం తెరిచాడు. ఆంగ్లికన్, లూథరన్ సంఘాల్లో పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు కాబట్టి ఆ తేదీనుంచి పుట్టుక కనిపెట్టొచ్చు. బాప్టిస్టు సంఘంలో అలా కుదరదు. విశ్వసించి తనంతట తానొచ్చిన మనిషినే నీళ్లలో ముంచుతారు. ఆ తేదీన అతనికి పద్దెనిమిదేళ్లో, నలభైయేళ్లో. దాన్ని పుట్టినతేదీగా వంశవృక్షంలో ఎక్కిస్తే తండ్రికంటే కొడుకు పెద్దవాడైపోతాడు. పేరు కూడా ఆ రోజే మారి ఉండొచ్చు. పటాలంలో అప్పన్నగా చేరినవాడు సంఘం పుస్తకంలో అబ్రహామై కూర్చుంటాడు. ఇద్దరూ ఒకరేనని చెప్పేవి తండ్రి పేరు, భార్య పేరు మాత్రమే. యుద్ధ సమాధుల గుమాస్తా అడిగిన ప్రశ్నలకు ఇక్కడ మళ్లీ పనిపడుతుంది.

బాప్టిస్టు సభ్యుల పుస్తకంలో ఇంకో గడి ఉంటుంది, సైన్యం కాగితాల్లో ఎక్కడా లేనిది. సభ్యుడు ఊరు మారితే ఈ సంఘం నుంచి ఉత్తరం తీసుకుని వెళ్లి ఆ సంఘంలో ఇస్తాడు, తిరిగొచ్చినప్పుడు అక్కణ్ణుంచి ఉత్తరం తెస్తాడు. ఎప్పుడు వెళ్లాడు, ఎక్కడికి, ఎప్పుడు వచ్చాడు అన్నీ పుస్తకానికి ఎక్కుతాయి. కాకినాడ నుంచి ఓడెక్కి బర్మా పోయే రోజుల్లో రంగూన్‌లోనూ తెలుగు బాప్టిస్టు సంఘం ఉండేది. షీట్ రోల్ దొరక్కపోయినా, డిశ్చార్జి బుక్కు చెదలు తిన్నా, ఆ ఉత్తరం గడిలో 'రంగూన్' అని, పక్కన ఒక సంవత్సరం కనిపిస్తే చాలు. ఆ కాలంలో ఆ ఊళ్లో ఏ పటాలాలు ఉన్నాయో చూసి అక్కణ్ణుంచి వెతుకులాట మొదలుపెట్టొచ్చు.