సారా సిడన్సు - లేడీ మాక్బెత్ పాత్రపోషణము

ఆంగ్ల రంగస్థలమున విషాదపాత్రలకు పెట్టినది పేరుగా నిలిచిన సారా సిడన్సును గురించి వ్రాసినవారిలో పెక్కురు, రెనాల్డ్సు 1784లో చిత్రించిన పటమును ముందుంచుకొని, ఆమెను సింహాసనమెక్కిన విషాదదేవతగానే భావించిరి. పటము గొప్పదే. ఐనను ఆమె ప్రతిభకు సాక్ష్యమును వేరొకచోట, ఒక కొవ్వొత్తి దగ్గర వెదకవలెనని నా అభిప్రాయము.

జీవితకథను క్లుప్తముగా చెప్పవచ్చును. 1755లో వేల్సునందలి బ్రెకన్‌లో, ఊరూర తిరిగి నాటకములాడు కెంబుల్ కుటుంబమున జన్మించెను. 1775లో గారిక్ ఆమెను లండనులోని డ్రూరీలేను నాటకశాలకు రప్పించెను. పోర్షియా పాత్రలో కంఠము పెగలలేదు; సభ మెచ్చలేదు; కొలువు పోయినది. తరువాతి యేండ్లు బాత్ మొదలగు పట్టణములలో గడచెను. 1782 అక్టోబరు 10న అదే రంగమునకు మరల వచ్చి, ఇసబెల్లాగా లండనుచే కంటతడి పెట్టించెను. రాజధాని త్రోసివేసిన నటిని చిన్న ఊళ్ళే తీర్చిదిద్దినవి.

1785 ఫిబ్రవరి 2న లేడీ మాక్బెత్‌గా నిలిచెను. అంతకుముందు ఆ పాత్రలో పేరొందిన హానా ప్రిచర్డు, నిద్రలో నడచు ఘట్టమున చేతిదీపమును విడిచెడిది కాదు. సిడన్సు దానిని దించదలచెను. నాటకశాల యజమానులలో నొకడైన షెరిడన్ ఆ రాత్రి ఆమె గదికే వచ్చి, ఇది సంప్రదాయభంగమని వారించెను. ఒక చేత దీపముండగా నెత్తుటిమరకను కడుగుకొనుట యెట్లని ఆమె వాదము. దీపమును దించినది, పిమ్మట షెరిడనే అభినందించెను. అన్వయము కుదరనిదే అర్థము కుదరదని పిల్లలకు చెప్పు మాబోటి ఉపాధ్యాయులకు ఇది తెలిసిన సంగతియే. ఆమె షేక్స్పియరు వాక్యమునకు చేతులతో అన్వయము చెప్పినది.

ఇరువదియేండ్ల ప్రాయమున ఆ పాత్రను రాత్రివేళ ఒంటరిగా చదువుచు హడలిపోయి, కొవ్వొత్తితో మేడమీదికి పరుగెత్తి, తన పట్టుబట్టల సవ్వడినే దయ్యపు అలికిడి యనుకొని, దీపమైన ఆర్పక పానుపుపై పడితినని ఆమెయే వ్రాసికొనెను.

హాస్యము ఆమెకు అబ్బలేదు, రోసలిండుగా రాణింపలేదు. 1834లో క్యాంబెల్ ప్రకటించిన చరిత్రలోని ఆమె వ్యాసమున లేడీ మాక్బెత్ సుకుమారి. రంగముపై ఆమె చూపినది మాత్రము గంభీర భయంకరమూర్తి. ఇది లోపమని నాకు తోపదు. తన నిలువెత్తు విగ్రహమునకును కంఠమునకును ఒప్పిన దానినే ఆమె ఆడినది.

1812 జూన్ 29న కోవెంటుగార్డెనులో వీడ్కోలు ప్రదర్శనము జరిగెను. ఆ నిద్రఘట్టము ముగియగనే ప్రేక్షకులు తక్కిన నాటకమును సాగనీయలేదు.