పక్క పరచడంతో మొదలయ్యే చదువు

నర్సింగ్‌లో చేరిన పిల్లలకు ప్రాక్టికల్ క్లాసు అనగానే సూదులు, సెలైన్ సీసాలు కళ్ల ముందు మెదులుతాయి. తీరా ల్యాబ్‌లోకి వెళితే ఒక ఖాళీ మంచం కనిపిస్తుంది. పక్కన మడతపెట్టిన దుప్పట్లు, మేకింటాష్ అనే రబ్బరు గుడ్డ, దాని మీద వేసే డ్రా షీట్ ఉంటాయి. ఆ రోజు పాఠం పక్క పరచడం. ఇంటర్‌లో బైపీసీ చదివి, కౌన్సెలింగుల చుట్టూ తిరిగి సీటు తెచ్చుకున్నది ఇందుకేనా అని మనసులో అనుకోని విద్యార్థి అరుదు.

దుప్పటి అంచును మంచం మూల దగ్గర 45 డిగ్రీల కోణంలో మడిచి పరుపు కిందికి బిగించాలి. ట్యూటర్ అరచేత్తో ఒకసారి నిమిరి చూస్తారు. ఎక్కడ ముడత తగిలినా మొత్తం తీయించి మళ్లీ వేయిస్తారు. ఒళ్లు కదల్చగల మనకు ఆ ముడత చిన్న అసౌకర్యం, పక్కకు జరిగితే తీరిపోతుంది. పక్షవాతంతో పడి ఉన్న మనిషికి అదే ముడత తెల్లారేసరికి నడుము కింద కందిన మచ్చగా తేలుతుంది. ఆయన్ను ఆసుపత్రికి తెచ్చిన రోగం ఒకటి, ఆసుపత్రిలో మనం అంటగట్టిన బాధ ఇంకొకటి. ఈ రెండోదాన్ని రానివ్వకపోవడమే నర్సు మొదటి విద్య. తక్కిన చదువంతా దీని మీద లేచిన గోడలే.

మంచానికి నాలుగు కోళ్లు

చికిత్సలో సేవ చేసేవారికి ఇంత చోటివ్వడం కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. మంచానికి నాలుగు కోళ్లు ఉన్నట్టే. ఒక కోడు విరిగితే మిగతా మూడూ ఎంత గట్టివైనా మంచం ఒరుగుతుంది. పరిచారకుడికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగే అంది ఆ గ్రంథం. ఉపచారం తెలిసి ఉండాలి, చేతిలో నేర్పు ఉండాలి, రోగి మీద ప్రేమ ఉండాలి, శుచిగా ఉండాలి. ఇవాళ్టి నర్సింగ్ సిలబస్‌ను ఒక్క వాక్యంలో కుదించమంటే ఇంతకంటే బాగా కుదించలేం.

ఆధునిక నర్సింగ్‌కు మూలం ఫ్లోరెన్స్ నైటింగేల్. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారి సైనికాసుపత్రికి చేరింది. రాత్రిళ్లు దీపం పట్టుకుని క్షతగాత్రులను పలకరించిన కథ అందరికీ తెలుసు. అంతగా తెలియనిది అక్కడి లెక్క. ఆమె వెళ్లిన మూడు నెలలకు, 1855 ఫిబ్రవరిలో, అక్కడ చేరినవారిలో నూటికి 42 మంది చనిపోయారు. ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నవి తుపాకి గుళ్లు కావు, విరేచనాలూ విషజ్వరాలూ. భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి, గాలి ఆడదు. మార్చిలో వచ్చిన పారిశుధ్య సంఘం కాలువలు బాగుచేయించి, గాలి ఆడేలా చేశాక, జూన్‌కల్లా ఆ సంఖ్య నూటికి రెండుకు పడిపోయింది. కరుణ ఒక్కటే చాలదని నైటింగేల్ నేర్చుకున్న చోటు అదే.

1859లో ఆమె రాసిన నర్సింగ్ పుస్తకంలో గాలి, వెలుతురు, చప్పుడు, పక్క, తిండి వేర్వేరు అధ్యాయాలు. రోగికి చలి పుట్టినా, తిన్నది వాంతి అయినా, ఒంటికి పుండు పడినా, చాలావరకు ఆ దోషం రోగానిది కాదని, చాకిరీలో లోపమని ఆమె మొదట్లోనే తేల్చేసింది. మన నర్సింగ్ కాలేజీల్లో ల్యాంప్ లైటింగ్ వేడుక రోజున పిల్లలు చేతబట్టే దీపం ప్రమిద ఆకారంలో ఉంటుంది. ఆమె నిజంగా పట్టుకు తిరిగింది మాత్రం ముడుచుకునే టర్కీ లాంతరు. దీపం రూపం మారినా నష్టం లేదు. ఆ వెలుగులో ఆమె చూసిందేమిటో మరచిపోతేనే నష్టం.

చేతులు

1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ఒక తేడా గమనించాడు. మంత్రసానులు చూసే వార్డులో కంటే డాక్టర్లు చూసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు. డాక్టర్లు శవపరీక్ష గది నుంచి నేరుగా పురుళ్ల గదికి వస్తున్నారు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించగానే చావులు తగ్గాయి. తోటి వైద్యుల్లో చాలామంది మాత్రం నమ్మలేదు. పెద్దమనుషుల చేతులు మురికివి అంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఎప్పుడు కడగాలో ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలుగా చెబుతోంది. రోగిని తాకే ముందు, సూది వేయడం, కట్టు కట్టడం లాంటి శుభ్రమైన పని మొదలుపెట్టే ముందు, రక్తం, మూత్రం వంటివి అంటుకునే అవకాశం ఉన్న పని తర్వాత, రోగిని తాకిన తర్వాత, రోగి మంచాన్నో, బల్లనో, సెలైన్ స్టాండునో తాకిన తర్వాత. ఈ చివరిదే ఎక్కువగా తప్పిపోతుంది. మనిషిని ముట్టుకోలేదు కదా అనుకుంటాం, మంచం పట్టీ మీద సూక్ష్మజీవులు కూర్చుని ఉంటాయి. సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి. బొటనవేలు, వేళ్ల సందులు, గోళ్ల చివర్లు తడవకుండా మిగిలిపోయే చోట్లు. ఉంగరాలూ గాజులూ వార్డు బయటే ఉండాలి. గ్లవ్స్ వేసుకున్నంత మాత్రాన చేతులు కడిగినట్టు కాదు. ఒకే జత గ్లవ్స్‌తో నాలుగు మంచాలు తిరిగితే ఒకరి రోగం ఒకరికి పంచినట్టే.

పేరు అడిగే తీరు

మందు ఇచ్చే ముందు సరిచూడాల్సినవి అయిదని ప్రతి విద్యార్థీ వల్లె వేస్తుంది: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. చీటీ మూడుసార్లు చదవాలి: బీరువాలోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, సీసా తిరిగి పెట్టేటప్పుడు. ఇంతవరకూ పుస్తకం చెబుతుంది. మన వార్డుల్లో అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది.

"సుబ్బారావు గారేనాండీ?" అని అడిగితే చెవుడున్న పెద్దాయన మర్యాదకి "ఆఁ" అంటాడు. సగం నిద్రలో ఉన్నాయనా "ఆఁ" అంటాడు. అదే వార్డులో మరో సుబ్బారావు ఉండనే ఉంటాడు. అందుకే పేరు మనం చెప్పకూడదు, వాళ్లచేత చెప్పించాలి. "బాబాయ్ గారూ, మీ పేరూ ఇంటిపేరూ చెప్పండి" అని అడిగి, చేతికి కట్టిన పట్టీ మీది ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో సరిచూడాలి. మంచం నంబరును నమ్మడానికి లేదు. ఫ్యాన్ గాలి తగలడం లేదని రోగులు మంచాలు మార్చుకుంటారు.

ఇన్సులిన్ దగ్గర ఇంకో గొయ్యి ఉంది. మన దేశంలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాలు, 100 యూనిట్లు ఉండే సీసాలు రెండూ దొరుకుతాయి. వాటి సిరంజిలూ వేరు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 100 యూనిట్ల సీసాలోంచి 40 సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. చెయ్యి గీత దగ్గర సరిగ్గానే ఆగింది, డాక్టరు రాసింది కూడా 20. అయినా రోగికి చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. అందుకే ఇన్సులిన్‌ను ఇద్దరు చూసి ఇవ్వాలంటారు. గాఢమైన పొటాషియం క్లోరైడ్ సంగతి ఇంకా కఠినం. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని మామూలు యాంప్యూళ్ల మధ్య ఉంచకూడదు.

రెండు గంటల గడియారం

ఒంటి బరువు ఎముకకూ పరుపుకూ మధ్య ఉన్న కండను నలుపుతుంది. సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. పై చర్మం కంటే ముందు లోపలి కండ చచ్చిపోతుంది. అందుకే పడక పుండు పైకి చిన్నగా కనబడి లోపల గుంటలా ఉంటుంది. తోకఎముక దగ్గర, మడమలు, తుంటి, భుజపు రెక్కలు, తల వెనక భాగం దాని ఇష్టమైన చోట్లు.

కదల్లేని రోగిని దాదాపు రెండు గంటలకోసారి పక్క మార్చడం పాత నియమం. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువంతా పడుతుంది కాబట్టి, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగించాలి. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో తేలతాయి. రోగిని పైకి జరపాల్సి వస్తే ఈడ్చకూడదు, ఇద్దరు చెరోవైపు డ్రా షీట్ పట్టుకుని లేపాలి. ఈడిస్తే చర్మం పరుపుకు అంటుకుని ఉండగా లోపలి కండ జరిగిపోతుంది. కందిన చోట మర్దనా చేయడం పాత అలవాటు. అది నలిగిన కండను మరింత నలుపుతుంది, మానేయాలి.

వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఎరుపు తెల్లచర్మం వాళ్లను చూసి రాసిన మాట. మన చామనచాయ, నలుపు ఒళ్ల మీద ఎరుపు తేలదు. చేతి వెనకవైపుతో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తబడినట్టుగానో ఉందా, రంగు కాస్త ముదిరిందా, నొప్పి అంటున్నారా? మన దగ్గర ఈ పుండును కంటికంటే ముందు చెయ్యి పసిగడుతుంది.

లెక్కపెట్టని ఊపిరి

బీపీ అయితే యంత్రం చెబుతుంది. ఊపిరి నర్సే లెక్కపెట్టాలి, అదీ పూర్తిగా ఒక నిమిషం. లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే పల్స్ చూశాక మణికట్టు వదలకుండా, ఇంకా నాడి చూస్తున్నట్టే ఉండి ఛాతీని గమనించాలి. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 సార్లు మామూలు. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు బీపీ పడకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. వార్డులో అందరి చార్టులోనూ ఒకే అంకె కనిపిస్తే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం. రాయని పని చేయని పనితో సమానమని ట్యూటర్లు చెబుతారు. చేయని పనిని రాయడం అంతకంటే ప్రమాదం. తర్వాత డ్యూటీకి వచ్చే డాక్టరు ఆ అంకెను నమ్మే నిర్ణయం తీసుకుంటాడు.

మంచం పక్కన మనవాళ్లు

మన ఆసుపత్రుల్లో నర్సు ఒంటరిగా పని చేయదు. మంచం పక్కన కూతురో, కొడుకో, అత్తగారో ఉంటారు. తినిపించేది, బాత్రూమ్‌కి తీసుకెళ్లేది వాళ్లే. కాబట్టి వాళ్లకు నేర్పడం కూడా రక్షణలో భాగమే. పక్షవాతం వచ్చిన మనిషికి పడుకోబెట్టి జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ముందు మింగగలడో లేదో పరీక్షించాలి, కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక అరగంట కూర్చోనివ్వాలి. మూత్రం సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి. నడిపించేటప్పుడు దాన్ని భుజాన తగిలిస్తే మూత్రం వెనక్కి వెళ్లి ఇన్ఫెక్షన్ తెస్తుంది.

జారిపడటం రాత్రి బాత్రూమ్ దారిలో ఎక్కువ. మంచం చక్రాలకు బ్రేక్ వేయాలి, మంచం ఎత్తు దించాలి, తడి నేల తుడవాలి. లేవగానే నడవనివ్వకుండా కాసేపు కాళ్లు వేలాడేసి కూర్చోనివ్వాలి. మతి స్థిమితం లేని రోగికి పక్క కమ్మీలు ఎత్తేసి వెళ్లిపోతే రక్షణ అనుకుంటాం. ఆయన వాటి మీదుగా ఎక్కి ఇంకా ఎత్తు నుంచి పడతాడు.

చెప్పగలిగే వార్డు

1999లో అమెరికాలో వెలువడిన ఒక నివేదిక, అక్కడి ఆసుపత్రుల్లో పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. అది మనుషుల కంటే పనిపద్ధతుల్లో తప్పు వెతకమంది. పొరపాటు చేసిన విద్యార్థిని పదిమందిలో నిలబెట్టి తిట్టే వార్డులో పొరపాట్లు తగ్గవు, దాక్కుంటాయి. సీనియర్ తప్పు మందు తీస్తుంటే మొదటి సంవత్సరం పిల్ల "సిస్టర్, ఒకసారి చూడండి" అనగలగాలి. ఆ మాటకు సీనియర్ థ్యాంక్స్ చెప్పిన రోజున ఆ వార్డు బాగుపడ్డట్టు.

ఈ పనిలో గుర్తింపు తక్కువ. సర్జరీ చేసిన డాక్టరుకు దండాలు పెడతాం. పుండు పడని నడుముకు, పడిపోని ముసలాయనకు, తప్పిపోయిన తప్పు మందుకు ఎవరు దండం పెడతారు? జరగని కీడు ఎవరి కంటికీ కనబడదు.

కనీసం ఒక సాయం మన చేతిలో ఉంది. ఈసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నర్సమ్మ మీ పేరు మూడోసారి అడిగితే విసుక్కోకండి. పేరూ ఇంటిపేరూ గట్టిగా చెప్పండి. ఆమె చేతులు కడుక్కోకుండా దగ్గరికొస్తే మొహమాటపడకుండా గుర్తుచేయండి. రోగి కూడా మంచానికి ఒక కోడే.