శబ్దచౌర్యం - అర్థచౌర్యం: సారూప్యశాతానికి అందనిది

1. ప్రవేశిక

పరిశోధన పత్రికకు వ్యాసం పంపేటప్పుడు సారూప్య నివేదికను జతచేయడం నేడు పరిపాటి అయింది. శాతం పదిలోపు ఉంటే వ్యాసం నిర్దుష్టమనీ, దాటితే అనుమానాస్పదమనీ భావించే ధోరణి కూడా దానితోపాటే స్థిరపడింది. తెలుగు సాహిత్య పరిశోధనలో ఈ భావన నిర్దోషిని శంకిస్తుంది, దోషిని విడిచిపెడుతుంది. ఆ సంగతిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్వచనం - కొలత

గ్రంథచౌర్య నివారణకు యు.జి.సి. 2018లో ప్రకటించిన నిబంధనలు, ఇతరుల రచననుగానీ ఆలోచననుగానీ తనదిగా చూపడాన్ని గ్రంథచౌర్యమన్నాయి. శిక్షను నిర్ణయించేది మాత్రం సారూప్యశాతం. 10 శాతం వరకు శిక్ష లేదు. 10-40, 40-60, 60కి పైన అని మూడు స్థాయిలు. ప్రచురణల విషయంలో రెండవ స్థాయికి ఒక ఇంక్రిమెంటును, మూడవ స్థాయికి వరుసగా రెండు ఇంక్రిమెంట్లను నిరాకరిస్తారు. ఆధారం చూపిన ఉల్లేఖనలకు, 14 వరుస పదాల వరకు ఉండే యాదృచ్ఛిక సామ్యానికి మినహాయింపు ఉంది. నిర్వచనంలో ఆలోచనకు చోటు దక్కింది. కొలతలో పదమే మిగిలింది.

3. తెలుగు పాఠం స్వభావం

పద్యాన్ని ఉల్లేఖన చిహ్నాలు లేకుండా విడిగా అచ్చువేయడం మన సంప్రదాయం. అందువల్ల పోతన భాగవతంపై నిజాయితీగా రాసిన వ్యాసంలోని పద్యాలు కూడా సారూప్యంగా లెక్కకు రావచ్చు. మరోవైపు, విభక్తి మారినా సంధి కలిసినా తెలుగు పదం రూపం మారుతుంది. ‘కావ్యంలో’ అన్నదాన్ని ‘కావ్యమందు’ అని మార్చితే పదాల వరుస తెగిపోతుంది. సమాసాలతో నిండిన 14 తెలుగు పదాలలో ఒక పూర్తి ప్రతిపాదన ఇమిడిపోగలదు. పైగా మన సిద్ధాంతగ్రంథాలు అనేకం ముద్రిత ప్రతులుగా, స్కాన్ చేసిన బొమ్మలుగా, యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నాయి. యంత్రం చదవని పాఠంతో పోలిక కుదరదు.

4. రాజశేఖరుని విభాగం

ఈ లోపాన్ని గుర్తించడానికి మన అలంకారశాస్త్రమే తోడ్పడుతుంది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణాన్ని, అర్థహరణాన్ని వేరువేరుగా చర్చించాడు. అర్థమంతా పూర్వకవిదే అయి, వాక్యరచన మాత్రమే మారితే అది ప్రతిబింబకల్పం; అది త్యాజ్యం. మూలం ఒకటే అయినా నిర్మాణం ఎంతో భిన్నంగా ఉంటే పరపురప్రవేశసదృశం. దానిని ఆయన అంగీకరించాడు. కావ్యానికి చెప్పిన ఈ వివేకాన్ని పరిశోధనకు యథాతథంగా వర్తింపజేయలేము. కవికి ఆకరం చెప్పవలసిన పనిలేదు, పరిశోధకునికి అది విధి. అయినా ప్రతిబింబకల్పం నేటి వ్యాసాలలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక సిద్ధాంతగ్రంథంలోని అధ్యాయ క్రమాన్ని, ఉదాహరణలను, నిర్ణయాలను తీసుకుని వాక్యాలు మార్చడం అటువంటిదే. ఆంగ్ల విమర్శను చెప్పకుండా తెనిగించడమూ అంతే. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో చూసిన శాసనాన్ని శాసన సంపుటం నుండే గ్రహించినట్లు చూపడం మరొక రూపం. ఇక్కడ అపహృతమయ్యేది వాక్యం కాదు, అన్వేషణలోని శ్రమ. అచ్చుకాని సిద్ధాంతగ్రంథమైతే, ఆ పరిశోధకునికి తన శ్రమను రుజువు చేసుకునే అవకాశం కూడా స్వల్పం.

5. ముగింపు

సారూప్య నివేదికను తీర్పుగా కాక సాక్ష్యంగా స్వీకరించాలి. సంపాదకులు శాతాన్ని కాక, సరిపోలిన భాగాలను చదవాలి. ఆధారమున్న పద్యాలను మినహాయించాలి. ముఖ్యమైన ముద్రిత ఆకరాల సంబంధిత పుటలను రచయిత నుండి కోరాలి. ఇతరుల గ్రంథం ద్వారా గ్రహించినదానిని అలాగే పేర్కొనాలన్న నియమం పెట్టాలి. అదే అంశంపై వెలువడిన పూర్వ పరిశోధనలతో వ్యాసం ఎక్కడ విభేదిస్తున్నదో, ఏమి చేరుస్తున్నదో సమీక్షకుడు రాతపూర్వకంగా తెలపాలి. ఆ విషయం తెలిసిన సమీక్షకుడే అర్థహరణాన్ని పట్టుకోగలడు. ఆ బాధ్యతను యంత్రానికి వదిలివేస్తే, వాక్యాలు మార్చే నేర్పే పరిశోధనగా చెలామణి అవుతుంది.