నేలమాళిగలో మాగే బీరు

2006 చివర్లో, చలికాలంలో, ఇంగ్లండు దక్షిణాన ఉన్న లూయిస్ అనే చిన్న పట్నంలో ఒక పబ్బు ముందు దాని పాత ఖాతాదారులే కాపలా కాశారు. లోపలికి వెళ్లబోయేవాళ్లను ఆపి, ఇక్కడ తాగొద్దని బతిమాలారు. పబ్బు పేరు లూయిస్ ఆర్మ్స్. గొడవ ధర పెంచారని కాదు, కల్తీ చేశారనీ కాదు. నడిచి వెళ్లేంత దూరంలో, ఊళ్లోనే తయారయ్యే హార్వీస్ బీరును ఆ పబ్బులో ఆపేశారు. అప్పట్లో పబ్బు సొంతదారు గ్రీన్ కింగ్ అనే పెద్ద బ్రూవరీ కంపెనీ. మా పబ్బులో మా బీరే అమ్ముకుంటాం అంది. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. జనం మాత్రం ఒప్పుకోలేదు. 133 రోజులు ఆ గడప తొక్కలేదు. బేరాలు పడిపోయాయి. 2007 ఏప్రిల్‌లో కంపెనీ దిగివచ్చింది, హార్వీస్ మళ్లీ పంపు ఎక్కింది.

ఒక బీరు కోసం ఇంత పంతమా అనిపిస్తుంది. ఆ బీరు ఎలా తయారవుతుందో తెలిస్తే ఆ పంతం అర్థమవుతుంది.

సీసాలో, డబ్బాలో మనం చూసే బీరు ఫ్యాక్టరీ గేటు దాటేసరికే పూర్తయిపోయి ఉంటుంది. వడకట్టి, తరచుగా వేడి కూడా చేసి, అందులోని ఈస్టును తీసేసో చంపేసో పంపుతారు. హార్వీస్ లాంటి కాస్క్ ఏల్, అంటే పీపా బీరు, అలా కాదు. అది పీపాలోకి ఎక్కేటప్పుడు ఇంకా బతికే ఉంటుంది. ఈస్టు ఉంటుంది, ఆ ఈస్టు తినడానికి కాస్త చక్కెర మిగిలి ఉంటుంది, పులియడం పీపాలో రెండోసారి సాగుతుంది. తాటికల్లు తెలిసినవాళ్లకు దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. పొద్దున చెట్టు నుంచి దించినప్పుడు ఒక రుచి, మధ్యాహ్నానికి ఇంకో రుచి, సాయంత్రానికి పులుపు. కాస్క్ ఏల్‌కు గంటల బదులు రోజులు పడతాయి, అంతే తేడా.

హార్వీస్ బ్రూవరీ ఊజ్ నది ఒడ్డున ఉంది. 1790 నాటి వ్యాపారం. ఇప్పుడు కనిపించే ఎత్తైన కట్టడాన్ని 1880ల తొలి రోజుల్లో విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే బ్రూవరీ వాస్తుశిల్పి రూపొందించాడు. ఊరివాళ్లు దాన్ని వేళాకోళంగా, కాస్త గర్వంగా కూడా, లూయిస్ కెథీడ్రల్ అంటారు. సుద్దకొండల్లోంచి దిగి వచ్చిన భూగర్భజలం, బార్లీ మాల్టు, చుట్టుపక్కల కౌంటీల హాప్స్ పూలు వాడతారు. ఈస్టును 1957లో యార్క్‌షైర్ నుంచి, ట్యాడ్‌కాస్టర్‌లోని జాన్ స్మిత్స్ బ్రూవరీ నుంచి తెచ్చుకున్నారు. ఒక దఫా బీరు పులిశాక పైన తేలిన ఈస్టును తీసి తర్వాతి దఫాకు తోడు వేస్తూ, అదే సంతతిని ఇన్ని దశాబ్దాలుగా నిలబెట్టుకొస్తున్నారు. 2000 అక్టోబరులో నది పొంగి బ్రూవరీని ముంచెత్తింది. మనుషులు లోపలికి వెళ్లలేని రోజుల్లో తొట్టెలో ఉన్న బీరు ఎవరూ చూడకుండానే పులుస్తూ పోయింది. దాన్ని పారబోయకుండా నది పేరు కలిపి ఊజ్ బూజ్ అని పేరుపెట్టి అమ్మేశారు. కష్టంలోనూ హాస్యం వదలని ఊరు అది.

బ్రూవరీ పని అక్కడికి సగమే అయింది. మిగతా సగం పబ్బు నేలమాళిగలో జరుగుతుంది. తాగేవాళ్లలో చాలామంది ఆ మెట్లు ఎప్పుడూ దిగి ఉండరు.

మామూలుగా వాడే పీపాను ఫర్కిన్ అంటారు. 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు, మన లెక్కలో దాదాపు 41 లీటర్లు. లారీలోంచి దించిన పీపాను అడ్డంగా, పొట్ట మీద పడుకోబెడతారు. అటూ ఇటూ దొర్లకుండా కింద చెక్క ముక్కలు దూరుస్తారు. ఇక దాన్ని కదపకూడదు. పొట్ట పైన ఒక రంధ్రం, ముందు ముఖాన కింది అంచు దగ్గర ఇంకొక రంధ్రం ఉంటాయి. రెంటికీ బిరడాలు బిగించి ఉంటాయి. ముందుగా పై బిరడా నడుమ స్పైల్ అనే సన్నటి మేకును కొయ్యసుత్తితో కొడతారు. మేకు మెత్తటి వెదురు లాంటి కర్రది, గాలి పోనిస్తుంది. కొట్టగానే బుస్సుమని శబ్దం వస్తుంది, వెంటనే నురగ పొంగుతుంది. సెల్లార్ చూసుకునే మనిషి దాన్ని తుడుస్తాడు, కాసేపటికి మళ్లీ వచ్చి మళ్లీ తుడుస్తాడు. నురగ బుడగలు ఎంతసేపటికి తిరిగి పుడుతున్నాయో చూసి లోపల పులియడం ఎంతవరకు వచ్చిందో అంచనా కడతాడు. జోరు తగ్గిందనిపించాక మెత్తటి మేకు పీకి గట్టి కర్రతో చేసిన మేకు దిగ్గొడతాడు. అప్పటి నుంచి పుట్టిన గ్యాస్ బయటికి పోక బీరులోనే కరుగుతుంది. నాలుక మీద తగిలే ఆ సన్నటి చురుకు దానివల్లే వస్తుంది, సిలిండరు గ్యాస్ వల్ల కాదు. గట్టి మేకు తొందరపడి కొడితే గ్లాసులో నురగ తప్ప ఏమీ ఉండదు, ఆలస్యం చేస్తే బీరు చప్పబడిపోతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు.

ఈలోగా మడ్డి కిందికి దిగాలి. అందుకు చేప గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ అనే జిగురు పదార్థాన్ని ముందే పీపాలో కలిపి ఉంచుతారు. అది ఈస్టును పట్టుకుని పీపా అడుగుకు లాగేస్తుంది. శాకాహార నియమం గట్టిగా పాటించేవాళ్లు బీరు తాగడానికి ఏం అడ్డు అనుకోవచ్చు గానీ, సంప్రదాయ ఏల్‌లో చాలావాటికి ఈ చేప సంబంధం ఉంటుంది. ఐసింగ్లాస్ వాడని బ్రూవరీలూ ఇప్పుడు ఉన్నాయి, కాబట్టి బార్‌లో అడిగి తెలుసుకోవాలి. ఒకటి రెండు రోజులకు బీరు తేటపడుతుంది. అప్పుడు ముందు బిరడాలోకి కుళాయిని ఒకే దెబ్బకు దిగ్గొట్టాలి. చెయ్యి తడబడితే నేల తడుస్తుంది, కొట్టినవాడూ తడుస్తాడు.

ఈ నేలమాళిగను ఏడాది పొడుగునా 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఇంగ్లండులో బీరు వెచ్చగా ఇస్తారన్న ఎగతాళికి మూలం ఇదే. హైదరాబాదు ఎండలో మంచు పట్టిన సీసాకు అలవాటుపడినవాళ్లకు మొదటి గుక్క నిరాశే కలిగిస్తుంది. అయితే మరీ చల్లబరిస్తే మాల్టు వాసనా, హాప్స్ చేదూ రెండూ పడుకుంటాయి. మన వైన్ షాపుల్లో స్ట్రాంగ్ అని అడిగి తీసుకునే బీరులో 8 శాతం దాకా ఆల్కహాలు ఉంటుంది. దాన్ని రుచి తెలియకుండా చల్లగా దింపేయడమే మేలు కావచ్చు. హార్వీస్ సస్సెక్స్ బెస్ట్ బిట్టర్‌లో ఉన్నది 4 శాతమే. ఒక పింటు పెట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పుకోవడానికి చేసింది అది.

పైన బార్ మీద కనిపించే పొడవాటి పిడి చేతిపంపుది. బీరును గ్యాస్‌తో నెట్టకుండా చేతి బలంతో సెల్లార్ నుంచి పైకి లాగుతుంది. 1797లో జోసెఫ్ బ్రామా ఇలాంటి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక్క లాగుకు అర పింటు వస్తుంది. 568 మిల్లీలీటర్ల నిండు పింటుకు నిదానంగా రెండు లాగులు, నురగ దిగాక పైన కాస్త. ఉత్తరాది పబ్బుల్లో పంపు మూతికి సన్నటి రంధ్రాల బిళ్ల తగిలించి మీగడ లాంటి నురగ తెప్పిస్తారు. దక్షిణాదివాళ్లకు అది గిట్టదు. ఈ తగువు తరాల నుంచి నడుస్తోంది, తేలేది కాదు. నా ఓటు బిళ్ల లేని దక్షిణాదికే. నురగ కింద బీరు ఎంతుందో కనిపించాలి కదా.

పంపు లాగినప్పుడల్లా పీపాలో ఖాళీ అయిన చోటును గాలి నింపుతుంది. అందుకే అమ్మకం మొదలుపెట్టేటప్పుడు పై మేకు వదులు చేస్తారు, రాత్రి కట్టేశాక మళ్లీ బిగిస్తారు. ఎంత జాగ్రత్తపడ్డా ఆ గాలికి మూడు రోజులు దాటితే బీరు బలం పోయి వెనిగర్ దారి పడుతుంది. అంటే 72 పింట్లు మూడు రోజుల్లో తాగేంతమంది పబ్బుకు రావాలి. ఈ బీరులో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. చేసేది బ్రూవరీ, మాగబెట్టేది పబ్బు, సకాలంలో తాగి దాన్ని నిలబెట్టేది ఊరు. ముగ్గురిలో ఒకరు తప్పుకున్నా పీపా పాడవుతుంది. లూయిస్ ఆర్మ్స్ ఖాతాదారులు హార్వీస్‌ను మా బీరు అన్నది ఉత్త అభిమానంతో కాదు, ఆ తయారీలో వాళ్ల వాటా ఉంది. పది పంపులు వరసగా పెట్టి గొప్ప చూపించే పబ్బుల్ని నేను నమ్మను. జనం పల్చగా వచ్చే చోట పదింట్లో సగం పులిసిపోయి ఉంటాయి. రెండే పంపులుండి, రెండూ తాజాగా ఉన్న చోటే మేలు.

ఈ పద్ధతి ఒకసారి దాదాపు అంతరించే దాకా వెళ్లింది. 1960లలో ఆరు పెద్ద కంపెనీలు బ్రిటన్ బీరు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకుని, గ్యాస్‌తో నడిచే కెగ్ బీరును దేశమంతా పరిచాయి. వాట్నీస్ రెడ్ బ్యారెల్ లాంటివి ఎక్కడ తాగినా ఒకటే రుచి, మేకుల గొడవ లేదు, మడ్డి లేదు, నేర్పున్న మనిషి అక్కర్లేదు. వ్యాపారపరంగా చూస్తే తప్పుపట్టలేం. 1971లో నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్లు ఐర్లండుకు సెలవులకు వెళ్లి, కెర్రీ తీరాన ఒక పబ్బులో కూర్చుని దీనికి ఎదురు తిరగాలనుకున్నారు. అదే కామ్రా, అసలైన ఏల్ కోసం ఉద్యమం. అది ఏటా తెచ్చే గుడ్ బీర్ గైడ్‌లో చోటు దక్కడం ఇవాళ్టికీ పబ్బువాళ్లకు గొప్పే.

బీరుతో మనకూ ఒక పాత సంబంధం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో బర్టన్, లండన్ నుంచి ఓడలెక్కి మద్రాసు, కలకత్తా రేవుల్లో దిగిన పేల్ ఏల్ పీపాలు నెలల ప్రయాణం తట్టుకోవడానికి హాప్స్ దట్టించినవి. లూయిస్ బిట్టర్ ఆ వంశంలోదే అయినా స్వభావం వేరు. పక్క వీధికి వెళ్లడానికి పుట్టింది.

లూయిస్ ఆర్మ్స్ కోట దిబ్బ కింద, పెద్దవీధికి కాస్త పక్కగా ఉంటుంది. జూబ్లీహిల్స్ పబ్బుల్ని మనసులో పెట్టుకుని వెళ్తే ఏమీ కనిపించదు. చిన్న గదులు, మాటల చప్పుడు, అంతే. బఠాణీ గింజ ఎవరు ఎక్కువ దూరం విసురుతారో తేల్చే ప్రపంచ పోటీ ఈ పబ్బులోనే పెడతారు. బీరులో ముంచిన గుడ్డను కర్రతో విసిరి చుట్టూ ఆడేవాళ్లకు తగిలించే డ్వైల్ ఫ్లంకింగ్ అనే ఆట కూడా ఇక్కడ ఆడతారు. దాని నియమాలు అడగొద్దు, ఆడేవాళ్లకూ పూర్తిగా తెలిసినట్టు ఉండవు. ఈ ఊరికి వాదనలు కొత్త కాదు. అమెరికా వెళ్లి విప్లవ రచయిత కాకముందు థామస్ పెయిన్ 1768 నుంచి 1774 దాకా ఇక్కడ ఎక్సైజ్ ఉద్యోగి. సాయంత్రాలు వైట్ హార్ట్ అనే సత్రంలో చర్చలకు కూర్చునేవాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. నవంబరు 5న మాత్రం వద్దు. ఆ రాత్రి ఊరంతా కాగడాల ఊరేగింపులే, పబ్బులో నిలబడే చోటు కూడా దొరకదు. బల్ల దగ్గర కూర్చుని ఎవరో వస్తారని ఎదురుచూడకండి, బార్ దగ్గరికి మీరే వెళ్లాలి. వరస కనిపించకపోయినా ఎవరి వంతో అక్కడివాళ్లకు తెలుసు, ముందుకు తోసుకోకండి. నలుగురు కలిసి వెళ్తే ఈసారి నాది అని ఒక్కొక్కరూ అందరికీ కొనాలి, తన వంతు రాగానే ఫోన్ వచ్చిందని బయటికి జారుకునేవాణ్ని అక్కడా క్షమించరు. ఏది తాజాగా ఉందో అడిగి, ముందు అర పింటు పుచ్చుకోండి. పులుపు తగిలితే మొహమాటపడకుండా చెప్పండి, మంచి పబ్బులో మారు మాటాడకుండా మార్చి ఇస్తారు. ఇంటికి తెచ్చుకుంటామంటే హార్వీస్ దుకాణంలో సీసాలున్నాయి. అవీ బాగానే ఉంటాయి గానీ పీపా బీరు రుచి వాటిలో దొరకదు. అది కావాలంటే పబ్బుకే వెళ్లి తాగాలి.